చిప్స్ ప్యాకెట్‌తో వచ్చిన చిక్కు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

చిప్స్ ప్యాకెట్‌ని, ఖాళీ నీళ్ల సీసాలు వేసే రీసైక్లింగ్ డబ్బాలో ఎందుకు వేయొద్దంటారని అడిగారు. ముందు ఒక పని చేయండి. బ్రెడ్ కవర్‌ని రెండు చేతులతో లాగితే సాగుతుంది. చిప్స్ ప్యాకెట్‌ని లాగండి, గరగరలాడుతుందే గానీ సాగదు. రెండూ మెత్తటి ప్లాస్టిక్కే, జాతులు వేరు. మొదటిది పాలిథిలీన్, రెండోది ఎక్కువగా పాలీప్రొపిలీన్. లోపల మెరిసేది గాలీ తేమా తగలకుండా వేసిన అల్యూమినియం పూత. ఇలాంటివన్నీ కలిపి కరిగిస్తే నాసిరకం ముద్ద వస్తుంది, మళ్లీ ప్యాకెట్ రాదు. పైగా ఈ పల్చటి కవర్లు వేరుచేసే యంత్రాలకు చుట్టుకుపోతాయి. అప్పుడు పని మొత్తం ఆపి, మనుషులు కోసి తీయాలి.

అందుకే కొన్ని దేశాల్లో కంపెనీలే పూనుకుని దుకాణాల్లో విడిగా డబ్బాలు పెట్టాయి. ఆస్ట్రేలియాలో రెడ్‌సైకిల్ అలాంటిదే. సూపర్ మార్కెట్లు, బ్రాండ్లు డబ్బు ఇచ్చేవి. జనం కవర్లు దులిపి, దాచి, తెచ్చి వేసేవారు. 2022 నవంబరులో అది ఉన్నట్టుండి ఆగిపోయింది. తీరా చూస్తే గోదాముల్లో దాదాపు 11 వేల టన్నుల కవర్లు పేరుకుపోయి ఉన్నాయి! వాటిని రోడ్ల తారులో కలిపే పదార్థంగా మార్చే కర్మాగారం ఒకటి ఆ ఏడాదే తగలబడింది. అంత సరుకు తీసుకునేవాళ్లు వేరే దొరకలేదు.

జనానిది తప్పేమీ లేదు. పోగుచేయడం తేలికే, కొనేవాడు దొరకడమే కష్టం. కొత్త ప్లాస్టిక్ చవగ్గా వస్తుంటే, ఏరి, కడిగి, ఆరబెట్టి, కరిగించిన పాతదాన్ని ఎక్కువ ధర పెట్టి ఎవరు కొంటారు? తిండి ప్యాక్ చేయాలంటే శుభ్రత నిబంధనలు ఇంకా గట్టివి. అందుకే ఈ పాత ప్లాస్టిక్ చాలావరకు బెంచీలుగానో, కంచె స్తంభాలుగానో తేలుతుంది. న్యూజిలాండ్‌లో ఈ స్తంభాలు బాగానే చేస్తున్నారు.

తర్వాత ఆస్ట్రేలియాలోని కోల్స్, వూల్‌వర్త్స్, ఆల్డీ అనే సూపర్ మార్కెట్ కంపెనీలు ఒక చోట కూర్చున్నాయి. పోటీదారులు కుమ్మక్కవకూడదని చట్టం కదా, చెత్త గురించి మాట్లాడుకోవడానికి కూడా పోటీ కమిషన్ అనుమతి తీసుకోవాల్సి వచ్చింది! 2024 ఆరంభంలో మెల్‌బోర్న్‌లో 12 దుకాణాల్లో మాత్రం మళ్లీ డబ్బాలు పెట్టారు. మరీ నత్తనడక అని కొందరు విసుక్కున్నారు గానీ, కర్మాగారం ఎంత తీసుకోగలదో అంతే పోగుచేయడం నాకు సబబుగానే అనిపించింది.

ఇక కొన్ని బ్రాండ్లు ప్యాకెట్ పొరలన్నీ ఒకే జాతి ప్లాస్టిక్‌తో చేయాలని చూస్తున్నాయి. వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే, చిక్కు మొదలయ్యేది అక్కడే కాబట్టి. కాకపోతే ఒకే జాతితో గాలిని ఆపడం కష్టం. చిప్స్ మెత్తబడితే మీరే కొనరు. అందుకే ఆ పని ఇంకా మెల్లగా నడుస్తోంది.

ఇట్లు,
మీ తాతయ్య