జొరం దిగాక మొదలయ్యే కారుడు: డెంగీలో రక్తనాళాల లోపలి పొర గురించి అపోహలు, వాస్తవాలు

అపోహ: జొరం తగ్గిందంటే గండం గడిచినట్టే.

శ్రీకాకుళం పల్లెల్లో మనిషిని ఆసుపత్రికి ఆలస్యంగా చేర్చే మాట ఇదే. డెంగీ జొరం సాధారణంగా 3 నుంచి 7 రోజుల మధ్య దిగుతుంది. ప్రమాదం సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. రక్తనాళం లోపలి పొర, అంటే ఎండోథీలియం, ఒకే ఒక్క వరస కణాలు. కణాన్నీ కణాన్నీ కుట్టి ఉంచే ప్రొటీన్లుంటాయి, పైన గ్లైకోకాలిక్స్ అనే జిగురు పూత ఉంటుంది. వైరస్ వదిలే ఎన్‌ఎస్1 అనే ప్రొటీన్ ఆ పూతను చెడగొడుతుంది. మన రక్షణ కణాలు వదిలే, వాపు పెంచే టీఎన్‌ఎఫ్ లాంటి ప్రొటీన్లు కుట్లను వదులు చేస్తాయి. పొందూరు ఖద్దరులో పోగు తెగకుండానే నేత సడలినట్టన్నమాట. కణాలు చాలావరకు బతికే ఉంటాయి, సందుల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, మాత్రం పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ కారిపోతుంది. ఇది 24 నుంచి 48 గంటలు సాగుతుంది. ఆగని కడుపునొప్పి, మాటిమాటికీ వాంతులు, చేతులు చల్లబడటం, మత్తు, మూత్రం తగ్గడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, ఒళ్ళు కాలకపోయినా, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అపోహ: ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే సరిపోతుంది.

కారుడు ఎంతుందో చెప్పేది హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా. ప్లాస్మా కారేకొద్దీ ఇది పెరుగుతుంది. ల్యాబ్ కాగితంలో పీసీవీ అని ఉంటుంది. 40 ఉన్నది 48కి చేరితే 20 శాతం పెరిగినట్టు, కారుడు గట్టిగా ఉన్నట్టు. రక్తస్రావం లేకుండా, ప్లేట్‌లెట్ల లెక్క 10 వేలకు పైనుంటే సాధారణంగా ఎక్కించే పని లేదు. ప్యాకెట్ల కోసం విశాఖ పరుగెత్తే ముందు పీసీవీ ఎంతో అడగండి. బొప్పాయి ఆకు రసం ఈ కారుడు ఆపుతుందనడానికి ఆధారం లేదు.

అపోహ: సెలైన్ ఎన్ని బాటిళ్ళు పెడితే అంత బలం.

సడలిన పొరలోంచి అదీ కారిపోతుంది. ప్రమాద సూచనలున్న పెద్దవాళ్ళకు మొదటి ఒకటి రెండు గంటలు కిలో బరువుకు గంటకు 5–7 మిల్లీలీటర్లు, అంటే 50 కిలోల మనిషికి గంటకు 250–350. తర్వాత పీసీవీ, నాడి, మూత్రం చూస్తూ 3–5కి, ఆపై 2–3కి తగ్గిస్తారు. కుట్లు మళ్ళీ బిగిశాక, బయటికి పోయిన నీరు 48–72 గంటల్లో రక్తంలోకి తిరిగొస్తుంది. ‘ఇంకా నీరసంగా ఉన్నాడు’ అని అప్పుడూ బాటిల్ వేలాడదీస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. కారుడు దాటి బతికిన మనిషికి ఈ చేటు జరగకూడదు.

అపోహ: ఎముక మజ్జ నుంచి కొత్త కణాలొచ్చి పొరను కడతాయి.

1997లో మూలకణాల వంటివి రక్తంలో కనిపించాక ఈ ఆశ పెరిగింది. పని ఎక్కువగా చేసేది మాత్రం పక్క కణాలే. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా ముదరడం) లాంటి తీవ్రమైన వాపులో కణాలు చచ్చి ఖాళీ పడితే, ఇరుగుపొరుగు కణాలు సాగి ఖాళీని కప్పుతాయి, ఆనక విభజన చెందుతాయి. ఎలుకల్లో ఈ విభజనను నడిపేది ఫాక్స్‌ఎం1 అనే ప్రొటీన్. ముసలి ఎలుకల్లో అది మందగిస్తుంది. షుగరు, చుట్ట, అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం) కూడా ఈ మరమ్మతుకు అడ్డమే.

అపోహ: ఒళ్ళునొప్పులకు ఒక సూది వేయించుకుంటే తేలిక.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు. రక్తస్రావం పెరుగుతుంది, కిడ్నీ దెబ్బతింటుంది. పారాసెటమాల్ ఒక్కటే, పెద్దవాళ్ళకు రోజుకు 3 గ్రాములు దాటకుండా. తాగగలిగితే ఓఆర్‌ఎస్, గంజి, చోడంబలి (రాగి అంబలి) మంచివి. ఉద్దానంలో కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం కొబ్బరినీళ్ళు తమంతట తాము తాగకూడదు, అందులో పొటాషియం ఎక్కువ. ఏది ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి.