చంద్రవంక నుంచి పరావలయం దాకా: వంపు ఆకృతుల వైశాల్యం కోసం గ్రీకుల వెతుకులాట

వృత్త వైశాల్యం ఎలా కనుక్కోవాలని అడిగితే హైస్కూలు విద్యార్థి ఎవరైనా పై ఆర్ స్క్వేర్ (πr²) అని తడుముకోకుండా చెబుతాడు, π స్థానంలో 22/7 వేసి లెక్క ముగిస్తాడు. ఆ సూత్రానికీ ఆ భిన్నానికీ వెనుక దాదాపు రెండు వందల ఏళ్ల గ్రీకు ఆలోచన ఉంది. అయితే గ్రీకు జ్యామితికారులు అడిగిన ప్రశ్న మనం అడిగేది కాదు. వైశాల్యాన్ని ఒక సంఖ్యగా రాబట్టాలని వారు అనుకోలేదు. ఇచ్చిన ఆకృతికి అణుమాత్రం తేడా లేకుండా సమానమయ్యే చతురస్రాన్ని గీసి, ఆ సమానత్వాన్ని నిరూపించడమే వారి దృష్టిలో వైశాల్యం కనుక్కోవడం.

సుమారుగా సరిపోయే లెక్క అంతకు వెయ్యేళ్ల ముందే లోకంలో ఉంది. క్రీ.పూ. 1650 ప్రాంతానికి చెందిన ఈజిప్టు పపైరస్‌లో, వృత్త వ్యాసంలోంచి తొమ్మిదో వంతు తీసివేసి మిగిలినదాన్ని వర్గం చేస్తే వైశాల్యం వస్తుందని ఉంది. పొలం కొలవడానికి, ధాన్యపు గాదె నిండుదనం లెక్కకట్టడానికి అది చాలు. గ్రీకులకు చాలలేదు. సరళరేఖలతో ఏర్పడిన ఏ ఆకృతినైనా త్రిభుజాలుగా కోసి, వాటిని దీర్ఘచతురస్రంగా పేర్చి, చివరికి ఒకే చతురస్రంగా మార్చే మార్గం వారికి తెలుసు. యూక్లిడ్ జ్యామితి గ్రంథం ‘ఎలిమెంట్స్’లో రెండో పుస్తకం ఆ నిర్మాణంతోనే ముగుస్తుంది. మరి హద్దు వంకరగా ఉన్నప్పుడు కోయడం ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు చిక్కు అక్కడే వచ్చింది.

ఆ చిక్కులో మొదటి ముడి విప్పినవాడు క్రీ.పూ. ఐదో శతాబ్దంలో కియోస్ ద్వీపానికి చెందిన హిప్పోక్రటీస్. వైద్యుడైన హిప్పోక్రటీస్ వేరు, ఈయన వేరు. రెండు వృత్త చాపాల మధ్య చిక్కుకున్న చంద్రవంక ఆకారాలను ఈయన పరిశీలించాడు. ఆయన చేసిన పనిని అరిస్టాటిల్ శిష్యుడు యుడెమస్ గ్రంథస్థం చేయగా, దాన్ని క్రీ.శ. ఆరో శతాబ్దపు వ్యాఖ్యాత సింప్లీసియస్ ఉటంకించడం వల్ల అది మన దాకా వచ్చింది.

కాగితం తీసుకుని ఒక అర్ధవృత్తం గీసి, దానిలో సమద్విబాహు లంబకోణ త్రిభుజాన్ని ఇమడ్చండి. కర్ణమే వ్యాసం. మిగతా రెండు భుజాల మీద అర్ధవృత్తం అంచు వరకు రెండు చిన్న వృత్తఖండాలు మిగులుతాయి. ఇప్పుడు కర్ణం మీద, ఆ చిన్నవాటికి సరూపమైన పెద్ద ఖండాన్ని త్రిభుజం వైపుకు ఉబ్బేలా గీయండి. సరూప ఖండాల వైశాల్యాలు వాటి పీఠాల మీది వర్గాల నిష్పత్తిలో ఉంటాయి. కర్ణం మీది వర్గం రెండు భుజాల మీది వర్గాల మొత్తానికి సమానం. అందువల్ల పెద్ద ఖండం రెండు చిన్న ఖండాలకు సరిగ్గా సమానం. అర్ధవృత్తంలోంచి పెద్ద ఖండాన్ని తీసేస్తే చంద్రవంక మిగులుతుంది, రెండు చిన్న ఖండాలను తీసేస్తే త్రిభుజం మిగులుతుంది. తీసేసినవి సమానం కనుక మిగిలినవీ సమానమే. ఇరువైపులా వంపులే ఉన్న ఆకృతి ఒక మామూలు త్రిభుజంతో తుల్యమని తేలిపోయింది. ఈ నిరూపణ ఎన్నిసార్లు గీసుకున్నా నాకు తృప్తి తగ్గదు. ఇంత పాత రోజుల్లో ఇంత తక్కువ సరంజామాతో ఇంత దూరం వెళ్లిన ఆలోచన అరుదు.

ఆ విజయం పెద్ద ఆశ రేపింది. చంద్రవంక చతురస్రానికి లొంగితే వృత్తం ఎందుకు లొంగదు? అఫ్రోడిసియాస్‌కు చెందిన వ్యాఖ్యాత అలెగ్జాండర్ కథనం ప్రకారం హిప్పోక్రటీస్‌దే మరో నిర్మాణం ఉంది: సమషడ్భుజిలో సగాన్ని అర్ధవృత్తంలో ఇమిడ్చి, దాని మూడు భుజాల మీద బయటికి అర్ధవృత్తాలు గీస్తే, ఆ సగం షడ్భుజి మూడు చంద్రవంకలు, ఒక చిన్న అర్ధవృత్తం కలిపిన మొత్తానికి సమానమవుతుంది. ఆ చంద్రవంకను చతురస్రంగా మార్చగలిగితే అర్ధవృత్తం కూడా చేతికి వచ్చినట్టే. కానీ ముందు చెప్పినదానితో కలిపి హిప్పోక్రటీస్ సాధించిన మూడు రకాల చంద్రవంకలు వేరు, ఇది వేరు. ఒకదానికి నిరూపించినది అన్నింటికీ వర్తిస్తుందని ఆయన నిజంగానే పొరపాటు పడ్డాడా అన్న విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. అంత నేర్పుగా ఒక్కో చంద్రవంకనూ విడివిడిగా సాధించిన మనిషి అలాంటి తప్పు చేసి ఉంటాడని నేను నమ్మను.

దాదాపు అదే కాలంలో ఏథెన్స్‌లో ఆంటిఫోన్ వేరే దారి పట్టాడు. వృత్తంలో ఒక బహుభుజి గీసి, ప్రతి భుజం మీదా త్రిభుజం నిలుపుతూ భుజాల సంఖ్యను రెట్టింపు చేస్తూ పోతే, ఎప్పటికో ఒకప్పుడు బహుభుజి వృత్తంలో కలిసిపోతుందని వాదించాడు. మరో గ్రీకు ఆలోచనాపరుడు బ్రైసన్, వృత్తం బయట గీసిన బహుభుజులను కూడా వాదనలోకి తెచ్చాడు. ఆంటిఫోన్ వాదన జ్యామితి మూలసూత్రాలకే విరుద్ధం కనుక దాన్ని ఖండించే బాధ్యత జ్యామితికారుడికి లేదని అరిస్టాటిల్ తోసిపుచ్చాడు. సరళరేఖ ఎంత చిన్నదైనా చాపంతో ఏకం కాదన్నది నిజమే. అయినా రెట్టింపు చేస్తూ పోవడమన్న ఆ ఆలోచనే ఆ తర్వాత వచ్చిన ప్రతి నిరూపణలోనూ పనిచేసింది.

ఆ ఆలోచనకు తర్కబలం ఇచ్చినవాడు క్రీ.పూ. నాలుగో శతాబ్దపు నీడస్ వాసి యుడాక్సస్. బహుభుజి వృత్తమైపోతుందని ఆయన అనలేదు. ఏ పరిమాణంలోనుంచైనా సగానికి మించి తీసివేస్తూ, మిగిలినదానిలోంచి మళ్లీ సగానికి మించి తీసివేస్తూ పోతే, మనం ఎంచుకున్న ఎంత చిన్న పరిమాణం కన్నా కూడా శేషం తక్కువవుతుందని మాత్రమే అన్నాడు. వృత్తంలో గీసిన చతురస్రం, వృత్తం చుట్టూ గీసిన చతురస్రంలో సగం కనుక, అది వృత్తంలో సగానికి మించినదే. ఆ తర్వాత ప్రతి ఖండంలో గీసే త్రిభుజమూ ఆ ఖండంలో సగానికి మించే ఉంటుంది. వృత్తాల వైశాల్యాలు వ్యాసాల వర్గాల నిష్పత్తిలో ఉంటాయని యూక్లిడ్ పన్నెండో పుస్తకంలో ఈ దారిలోనే నిరూపించాడు: ఎక్కువ అనుకుంటే వైరుధ్యం, తక్కువ అనుకున్నా వైరుధ్యం, కనుక సమానం. అనంతం అన్న మాట ఎక్కడా రాదు. ఈ పద్ధతికి శేషాన్ని హరించే పద్ధతి అనే అర్థం వచ్చే పేరు (మెథడ్ ఆఫ్ ఎగ్జాషన్) పదిహేడో శతాబ్దంలోగానీ స్థిరపడలేదు.

ఈ పనిముట్టు సిరక్యూస్‌కు చెందిన ఆర్కిమిడీస్ (సుమారు క్రీ.పూ. 287–212) చేతికి వచ్చాక కథ వేగం పుంజుకుంది. పరావలయాన్ని (పారాబొలా, విసిరిన రాయి గాలిలో గీసే లాంటి వంపు) ఒక సరళరేఖ కోస్తే ఏర్పడే ఖండం, అదే పీఠమూ అదే ఎత్తూ గల త్రిభుజానికి మూడింట నాలుగు వంతులని ఆయన నిరూపించాడు. ఆ త్రిభుజం తీసేశాక ఇరువైపులా మిగిలిన ఖండాల్లో మళ్లీ త్రిభుజాలు గీస్తే, ఒక్కోటీ మొదటిదానిలో ఎనిమిదో వంతు, రెండూ కలిపి నాలుగో వంతు. తర్వాతి అంచెలో మొత్తం పదహారో వంతు. ఈరోజు మనం ఈ శ్రేణిని అనంతం దాకా కూడేస్తాం. ఆయన అలా చేయలేదు. ఎక్కడ ఆగినా, చివరి పదంలో మూడో వంతును కలిపితే మొత్తం ఖచ్చితంగా 4/3 అవుతుందని చూపాడు. ఒకటి, పావు, పదహారో వంతు కలిపితే 21/16, అంటే 63/48. పదహారో వంతులో మూడో వంతు 1/48. రెండూ కలిపితే 64/48, అంటే 4/3. ఆ తర్వాత యుడాక్సస్ తర్కంతో ఎక్కువా కాదు, తక్కువా కాదని ముగించాడు. ఇదే మనిషి తాను నిర్వచించిన సర్పిలంలో (స్పైరల్‌లో) మొదటి చుట్టు ఆవరించే వైశాల్యం, దాన్ని చుట్టిన వృత్తంలో మూడో వంతని కూడా రాబట్టాడు.

అయితే నిరూపించడానికి ముందు జవాబు తెలియాలి కదా. ఆ 4/3 ఆయనకు ఎక్కడ దొరికిందన్నది ఎన్నో శతాబ్దాలు ఎవరికీ తెలియలేదు. 1906లో డేనిష్ పండితుడు హైబర్గ్ కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక ప్రార్థన పుస్తకాన్ని పరిశీలించాడు. 1229లో ఎవరో పాత తోలు పత్రాల రాతను గీకేసి, వాటి మీద ప్రార్థనలు రాసుకున్నారు. కింద మసకగా మిగిలిన అక్షరాల్లో ఆర్కిమిడీస్ తన కాలపు పండితుడు ఎరటోస్తనీస్‌కు రాసిన ఉత్తరం బయటపడింది. పరావలయ ఖండాన్ని సన్నని గీతలుగా ఊహించి, ఒక్కో గీతనూ తక్కెడ కాడ చివర వేలాడదీసి, ఒక పెద్ద త్రిభుజపు గీతలతో తూచానని ఆయన అందులో వివరిస్తాడు. త్రిభుజపు గురుత్వ కేంద్రం ఎక్కడుంటుందో తెలుసు కనుక, ఖండం ఆ పెద్ద త్రిభుజంలో మూడో వంతని తేలుతుంది. ఆ పెద్ద త్రిభుజం ఖండంలో ఇమిడిన మొదటి త్రిభుజానికి నాలుగు రెట్లు కనుక 4/3 వచ్చింది. ఇది నిరూపణ కాదని, ఫలితం నిజమన్న నమ్మకం మాత్రమే కలిగిస్తుందని ఆయనే స్పష్టంగా చెప్పాడు. శంకువు ఘనపరిమాణాన్ని నిరూపించిన యుడాక్సస్‌తోపాటు, నిరూపణ లేకుండా ముందే చెప్పిన తత్వవేత్త డెమోక్రిటస్‌కూ కొంత ఘనత దక్కాలని అదే ఉత్తరంలో రాశాడు. ఆ న్యాయబుద్ధి నన్ను ఆయన లెక్కలంతగానూ కదిలిస్తుంది.

వృత్తం విషయానికి వస్తే, దాని వైశాల్యం వ్యాసార్ధం ఒక భుజంగా, పరిధి మరో భుజంగా గల లంబకోణ త్రిభుజానికి సమానమని ఆర్కిమిడీస్ నిరూపించాడు. పరిధిని సరళరేఖగా పరచగలిగితే పని పూర్తయినట్టే. గ్రీకు జ్యామితి పనిముట్లయిన స్కేలూ కంపాసూ ఆ పని చేయలేవు. అందుకే షడ్భుజితో మొదలుపెట్టి 12, 24, 48, 96 భుజాల దాకా లోపలా బయటా బహుభుజులతో బిగించి, పరిధి వ్యాసానికి 3 10/71 రెట్ల కన్నా ఎక్కువని, 3 1/7 రెట్ల కన్నా తక్కువని తేల్చాడు. ఆ రెండు హద్దుల మధ్య ఎడం 497లో ఒక వంతు మాత్రమే. మన పిల్లలు π విలువగా నేర్చుకునే 22/7 ఆ పైహద్దే. దాన్ని ఆయన విలువగా చెప్పలేదు, అంతకు మించదని చెప్పాడు. ఈ తేడా బడిలో ఒక్క వాక్యంలో చెప్పగలిగినదే.

π విలువ పూర్ణాంక గుణకాలున్న ఏ బీజ సమీకరణానికీ మూలం కాదని 1882లో జర్మన్ గణితజ్ఞుడు లిండెమన్ నిరూపించడంతో, స్కేలు, కంపాసులతో వృత్తాన్ని చతురస్రంగా మార్చడం అసాధ్యమని తేలింది. చంద్రవంకల లెక్క ఇంకా కొంతకాలం సాగింది. హిప్పోక్రటీస్ మూడింటికి 1766లో మరో రెండు తోడయ్యాయి. రెండు చాపాల కోణాలు పూర్ణసంఖ్యల నిష్పత్తిలో ఉండే చంద్రవంకల్లో ఆ ఐదు రకాలే తప్ప చతురస్రానికి లొంగేవి వేరే లేవని గణితజ్ఞుడు చెబొతార్యోవ్, ఆ తర్వాత 1947లో దొరోద్నోవ్ చేసిన పని తేల్చింది. సగం షడ్భుజి భుజాల మీద నిలిచిన ఆ చంద్రవంక ఆ ఐదింటిలో లేదు.