ఎడ్ గార్వీ షెల్టర్‌లో కూర్చుని

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఆదివారం మీ బాబాయి నన్ను ఇక్కడ అమెరికాలో, మేరీల్యాండ్‌లో, అపలాచియన్ ట్రైల్ అనే పొడవాటి కొండల కాలిబాట మీద నడిపించాడు. మోకాళ్లు మొరాయించేసరికి ఒక షెల్టర్‌లో కూలబడ్డాం, దాని పేరు ఎడ్ గార్వీ షెల్టర్. ఎవరీ గార్వీ అని అప్పటి నుంచి ఒకటే కుతూహలం, అందుకే ఈ ఉత్తరం.

షెల్టర్ అంటే ఇల్లు అనుకునేరు! చాలావాటికి మూడే గోడలు, పైన కప్పు, ముందువైపు బార్లా తెరిచే ఉంటుంది, చెక్క నేల మీద ఎవరు ముందొస్తే వాళ్లు దుప్పటి పరుచుకోవడమే. ఇక్కడ మాత్రం పైన ఒక అటక కూడా ఉంది, నీళ్లు కావాలంటే బాగా కిందికి దిగి తెచ్చుకోవాలి. ఇలాంటివి 14 రాష్ట్రాల మీదుగా సాగే ఆ 3,500 కిలోమీటర్ల దారి పొడవునా 250కి పైగా ఉన్నాయి.

ఇంత దారినీ ఒక్క ఊపున నడిచానని మొదట చెప్పినవాడు ఎర్ల్ షాఫర్, 1948లో. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ప్రాణస్నేహితుడితో కలిసి నడుద్దామనుకున్నాడు, ఆ స్నేహితుడేమో జపాన్ దీవి ఇవో జిమాలో జరిగిన పోరులో చనిపోయాడు. యుద్ధం మనసులోంచి పోవాలని ఒక్కడే జార్జియా రాష్ట్రంలో బయల్దేరి 124 రోజులకు మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ కొండ ఎక్కాడు. అబ్బే, అంత దూరం ఎవరు నడుస్తారని ముందు జనం నమ్మలేదట, డైరీ, ఫొటోలు చూపించాల్సి వచ్చింది. 79 ఏళ్ల వయసులో మళ్లీ మొత్తం నడిచాడు, 1998లో! ఎమ్మా గేట్‌వుడ్ అనే పదకొండుమంది పిల్లల తల్లి 67 ఏళ్లప్పుడు, 1955లో, మామూలు గుడ్డ బూట్లతో, చేత్తో కుట్టుకున్న సంచి భుజానేసుకుని నడిచింది.

మన గార్వీ 1970లో నడిచాడు. ఊరికే నడవలేదు, ఏ షెల్టర్ ఎలా ఉందో చూసి రాసుకుంటూ, దారిలో చెత్త ఏరుకుంటూ వెళ్లాడు. అలాంటి మనిషి పేరు షెల్టర్‌కి పెట్టడం నాకెంతో నచ్చింది. మన ఊళ్లలో పోయినవాళ్ల పేరిట చలివేంద్రం పెడతారే, అలాగ. విగ్రహమైతే దణ్ణం పెట్టి వెళ్లిపోతాం, ఇక్కడ వానొస్తే ఆయన పేరు కిందే తలదాచుకుంటాం.

షాఫర్ పీటర్స్ మౌంటెన్ అనే కొండ మీద తన చేతులతో కట్టిన చిన్న షెల్టర్‌ని దుంగ దుంగా విప్పి, పెన్సిల్వేనియాలో ఈ ట్రైల్ మ్యూజియంకి తెచ్చి నిలబెట్టారు. వేసవి సెలవులకి మీరొచ్చినప్పుడు అక్కడికే వెళ్దాం. బూట్లు మాత్రం నెల ముందే కొనిపించుకుని రోజూ వేసుకుని తిరగండి, కొత్తవైతే మొదటి మైలుకే మడమలు బొబ్బలెక్కుతాయి.

మీ తాతయ్య