గుండెపోటా, గ్యాసా? అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో గుండె వైద్యుడిగా నా దగ్గరకు వచ్చే తెలుగువారిలో మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు ఉద్యోగాలు చేసుకునేవారూ ఉన్నారు, హిందూపురం, మదనపల్లె, కుప్పంల నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చేవారూ ఉన్నారు. ఇరువురి నోటా తరచుగా వినే మాట ఒకటే: "గ్యాసే అనుకున్నాం సార్."

అపోహ: నొప్పి పొట్ట పైభాగంలో ఉంటే అది గ్యాసే.

వాస్తవం: గుండె అడుగుభాగం పొట్టకు పైనున్న డయాఫ్రమ్ అనే పలుచని కండరం మీద ఆని ఉంటుంది కనుక, అక్కడికి రక్తం తెచ్చే ధమని మూసుకుపోయినప్పుడు నొప్పి ఛాతీలో కాక పొట్ట పైభాగంలో తెలియవచ్చు. మధుమేహం ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే కనిపించవచ్చు. ఒకాయనను రాత్రి రెండు గంటలకు తీసుకువచ్చేసరికి చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయి ఉంది, జేబులో సగం చింపిన గ్యాస్ పొడి పొట్లం ఉంది. నొప్పి మొదలైంది రాత్రి భోజనం ముందట. రక్తం పూర్తిగా ఆగిన కండరం సుమారు 20 నిమిషాల తర్వాత చనిపోవడం మొదలవుతుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి రెండు మూడు గంటల్లో చేసినంత మేలు తర్వాత చేయదు. చనిపోయిన కండరం తిరిగి పెరగదు, అక్కడ మచ్చ మిగులుతుంది, గుండె బలం తగ్గి కొన్నాళ్లకు కాళ్ల వాపు, ఆయాసం వస్తాయి. చెమటతో కూడిన నొప్పి తగ్గకపోతే సోడా తాగి పడుకోకండి, 108కి ఫోన్ చేయండి.

అపోహ: ఈసీజీ బాగుంటే గుండె బాగున్నట్టే.

వాస్తవం: మామూలు ఈసీజీ పది సెకన్ల గుండె నడకను మాత్రమే చూపుతుంది. నొప్పి ఉంటే కొద్దిసేపటికి మళ్లీ తీయాలి, గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ పెరగడానికి కొన్ని గంటలు పట్టవచ్చు కనుక ఆ పరీక్షనూ అవసరాన్ని బట్టి రెండోసారి చేయాలి.

అపోహ: స్టెంట్ (ధమనిని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేశాక మాత్రలు అక్కర్లేదు.

వాస్తవం: స్టెంట్ ఆ ఒక్కచోటును తెరుస్తుంది, జబ్బును తీసివేయదు. రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలను సొంతంగా ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టవచ్చు.

అపోహ: గుండె జబ్బు వయసు మళ్లినవారిదే.

వాస్తవం: చిన్నతనంలో స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చే గొంతు నొప్పి కొందరిలో కీళ్లవాత జ్వరంగా (రుమాటిక్ ఫీవర్) మారి, గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. అలాంటి పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి వేయాలి. కీళ్ల నొప్పులు పోయాయి కదా అని మానేసిన అమ్మాయిలు, పెళ్లయి ఇక్కడికి కాపురానికి వచ్చాక, గర్భం ఐదో నెలలో పడుకుంటే ఊపిరాడక నా దగ్గరకు వస్తుంటారు. గర్భంలో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుంది, ఇరుకైన కవాటం దాన్ని దాటనివ్వదు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. మీ ఇంట్లో పాత సూది చీటీ ఉన్న అమ్మాయి ఉంటే, గర్భం రాకముందే ఒకసారి ఎకో (గుండె స్కానింగ్) పరీక్ష చేయించండి.