కందకి దురద ఎందుకు లేదు?

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటాం గానీ, అసలు కందకి ఎందుకు లేదో అడిగినవాళ్లని నేను చూడలేదు. కంద నుంచి పల్చటి పొర తీసి మైక్రోస్కోపు కింద పెడితే కొన్ని కణాల్లో కాల్షియం ఆక్సలేట్ సూదులు కనిపిస్తాయి, గడ్డిమోపు కట్టినట్టు కట్టలు కట్టలుగా. వాటిని ఒక సంచిలో మూటగట్టి ఉంచుకుంది కాబట్టి కందకి ఏమీ కాదు. మనం కోసేసరికి కణాలు తెగి, సూదులు బయటపడి చేతుల్లో గుచ్చుకుంటాయి, సరిగ్గా ఉడక్కపోతే గొంతులో కూడా.

ఆ సంచినే బడి పుస్తకాల్లో రిక్తిక అన్నారు. రిక్తం అంటే ఖాళీ, పాత మైక్రోస్కోపుల్లో అలాగే కనిపించింది పాపం! నిజానికి బాగా ఎదిగిన మొక్క కణంలో 80-90 శాతం చోటు దీనిదే కావచ్చు. నీళ్లు, చక్కెరలు, లవణాలు అన్నీ ఇందులోనే. నిమ్మకాయ పులుపూ బీట్‌రూట్ ఎరుపూ ఉండేది కూడా ఇక్కడే.

నాకు అన్నిటికంటే నచ్చేది ఉల్లిపాయ ఏర్పాటు. అల్లినేజ్ అనే ఎంజైమ్ రిక్తికలో ఉంటుంది, అది పనిచేయాల్సిన గంధక పదార్థాలేమో బయట కణద్రవ్యంలో. మధ్యలో ఉన్నది ఒక్క పల్చటి పొర. కత్తి పడగానే రెండూ కలిసిపోతాయి, అక్కడ మొదలైన రసాయన చర్యల్లోంచి పుట్టిన వాయువే మన కళ్లు మండించేది. పురుగు కొరికినా అదే జరుగుతుంది, మనకి చెప్పుకోడానికి నోరుంది, అంతే తేడా.

వాడిపోయిన కొత్తిమీర కట్టని గ్లాసు నీళ్లలో పెడితే గంటలో లేచి నిలబడేదీ ఈ రిక్తిక వల్లే. రిక్తికలు నీళ్లు పీల్చుకుని ఉబ్బి లోపలి నుంచి కణం గోడల్ని నెడతాయి. ఆ ఒత్తిడి కారు టైరులో గాలి కంటే ఎక్కువే ఉంటుంది. కాకర ముక్కలకి ఉప్పు రాస్తే దీనికి తిరగబడి జరుగుతుంది, ఉప్పు లోపలి నీళ్లని బయటికి లాగేసి ముక్కలు మెత్తబడతాయి.

చాలామంది రిక్తికని చెత్తకుండీ అనుకుని వదిలేసిన రోజుల్లో జపాన్‌లో యోషినోరి ఒసుమి అనే శాస్త్రవేత్త ఈస్ట్ రిక్తిక మీద పడ్డాడు. అందులో అరిగించే ఎంజైములు లేని ఈస్ట్‌ని తీసుకుని తిండి లేకుండా మాడ్చాడు. కొన్ని గంటల్లో రిక్తిక నిండా చిన్న చిన్న బుడగలు, అవి అటూ ఇటూ ఎగురుతూ మామూలు మైక్రోస్కోపులోనే కనిపించాయి. ఆకలేసిన కణం తన సొంత సరుకునే మూటకట్టి అరిగించుకోడానికి పంపిందన్నమాట, లోపల అరిగించేవాళ్లు లేక అవి పోగుపడిపోయాయి. ఈ పనికి 2016లో ఆయనకి నోబెల్ వచ్చింది.