నొక్కితే ఒక స్వరం, లాగితే ఇంకొకటి

మౌత్ ఆర్గాన్ చేతికి దొరికిన ఏ పిల్లాడైనా కాసేపట్లో కనిపెట్టేస్తాడు, ఒకే రంధ్రంలో ఊదితే ఒక స్వరం వస్తుందని, గాలి పీలిస్తే వేరే స్వరం వస్తుందని. ఐర్లండ్ సంప్రదాయ సంగీతంలో వాయించే బటన్ అకార్డియన్ కూడా ఇంతే, నోటి బదులు తిత్తి. వాళ్లు దాన్ని ముద్దుగా 'బాక్స్' అంటారు. పియానో మెట్లుండే అకార్డియన్‌లో తిత్తి ఎటు కదిలినా అదే స్వరం పలుకుతుంది, ఇందులో మాత్రం తిత్తి దిశ మారితే స్వరం మారిపోతుంది. ఈ ఒక్క తేడా లోంచే ఆ సంగీతం నడక ఎలా పుట్టిందో తెలిశాక నేను దాన్ని వినే తీరే మారిపోయింది.

లోపల ఉండేది మన హార్మోనియంలో ఉండే లాంటి రీడే. లోహపు పలకలో సన్నటి గాడి, దాని మీద ఒక కొస రివెట్‌తో బిగించిన ఉక్కు నాలుక. గాలి దూసుకెళ్తుంటే నాలుక ఊగుతూ గాడిని సెకనుకు కొన్ని వందల సార్లు మూసి తెరుస్తుంది, అలా తునకలైన గాలే మనకు నాదంగా వినిపిస్తుంది. నాలుక కొస దగ్గర కొంచెం గీస్తే బరువు తగ్గి శ్రుతి పెరుగుతుంది, రివెట్ దగ్గర గీస్తే బిగువు తగ్గి శ్రుతి దిగుతుంది. బాక్స్‌లో ఒక్కో పలకకు రెండు నాలుకలు, ఒకటి తిత్తి నొక్కినప్పుడు పలికేది, రెండోది లాగినప్పుడు పలికేది. ఆ రెండింటినీ వేర్వేరు స్వరాలకు శ్రుతి చేస్తారు. 1829లో వియన్నాలో సిరిల్ డెమియన్ 'అకార్డియన్' పేరుతో పేటెంట్ తీసుకున్న వాయిద్యంలోనూ నొక్కుడుకీ లాగుడుకీ వేర్వేరు స్వరాలే.

ఒకే వరుస బటన్లుంటే ఒక స్కేలు స్వరాలే దొరుకుతాయి. అర స్వరం తేడాతో పక్కనే ఇంకో వరుస పెడితే పన్నెండు స్వరాలూ వచ్చేస్తాయి. ఐర్లండ్‌లో ఇందుకు రెండు పద్ధతులు బాగా నిలబడ్డాయి: బి, సి వరుసలు ఒకటి, సి షార్ప్, డి వరుసలు ఇంకొకటి (ఇవి పాశ్చాత్య సంగీతంలో స్వరాల పేర్లు, షార్ప్ అంటే అర స్వరం పైన). అక్కడి పాటలు చాలానే డి స్కేలులో ఉంటాయి, అంటే డి ని షడ్జమం అనుకుంటే మన శంకరాభరణం స్వరాలు. డి వరుస మీద వాయిస్తే స నొక్కాలి, రి లాగాలి, గ నొక్కాలి, మ లాగాలి, ప నొక్కాలి, ద, ని రెండూ లాగాలి, మళ్లీ పై స కి నొక్కాలి. తిత్తిని ఆడించే ఎడమ చెయ్యి ఆగదు. దిశ మారిన ప్రతిసారీ స్వరానికి చిన్న దెబ్బలాంటి ఊపు తగులుతుంది, డాన్సు వేసేవాళ్ల కాళ్లకు కావలసింది అదే. 1973లో చనిపోయిన గాల్వే కౌంటీ కళాకారుడు జో కూలీ వాయింపులో ఆ దెబ్బ వినండి, కాలు తాళం వేయకుండా ఉండదు.

బి, సి బాక్స్ మీద లెక్క వేరు. గ, మ నొక్కుడులో వస్తాయి, ప, ద, ని, పై స నాలుగూ ఒకే లాగుడులో వచ్చేస్తాయి. రి, ద ఎటైనా దొరుకుతాయి. గ, ని మాత్రం బి వరుసలోనే ఉంటాయి కాబట్టి వేళ్లు రెండు వరుసల మధ్య గెంతుతూ ఉండాలి, నేర్చుకునేటప్పుడు ఇదే పెద్ద టెన్షన్. కానీ లాభం ఏమిటంటే స్వరాలు విడిపోకుండా జారుతూ వస్తాయి, ఫిడేలు మీద ఒకే కమాను లాగుడులో నాలుగు స్వరాలు పలికినట్టు. టిప్పరరీకి చెందిన పాడీ ఓబ్రయన్ 1950ల్లో ఈ పద్ధతిలో ఏం చేయొచ్చో చూపించాక చాలామంది అటు మళ్లారు, వాళ్లలో గాల్వేకే చెందిన జో బర్క్ ఒకరు. ఒకప్పటి నొక్కుడు లాగుడు పోయిందని బాధపడేవాళ్లూ లేకపోలేదు. నాకు రెండూ కావాలి, కాకపోతే డాన్సు పాటకు మాత్రం కూలీ వైపే మొగ్గుతాను.

మన పద్య నాటకాల హార్మోనియంతో పోల్చి చూస్తే సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. హార్మోనియంలో మనం కొట్టిన గాలి ముందు లోపలి తిత్తిలోకి చేరి, అక్కడి నుంచి సమంగా రీడ్లకు వెళ్తుంది, అందుకే రాగం తీసే గొంతు వెనక అది నిలకడగా సాగుతుంది. బాక్స్‌లో ఆ మధ్య తిత్తి లేదు, చేతి ఊపు నేరుగా నాలుకకు తగులుతుంది.

వినడం మొదలుపెట్టాలనుకుంటే ముందు కూలీ వాయించిన రీల్ (వేగంగా సాగే ఒక రకం డాన్సు పాట) ఒకటి, వెంటనే జో బర్క్ వాయించిన రీల్ ఒకటి వినండి. ఆ తర్వాత కార్క్ కౌంటీకి చెందిన జాకీ డేలీ వాయించిన పోల్కాలు, అవి ఇంకో రకం డాన్సు పాటలు. ఆయనది సి షార్ప్, డి బాక్స్. కళ్లు మూసుకుని విన్నా ఆ ఎడమ చెయ్యి ఎప్పుడు నొక్కుతోందో, ఎప్పుడు లాగుతోందో కొన్నాళ్లకు చెవికే పట్టుబడుతుంది.