శాసనసభాపక్ష నేతకు గడువు పెట్టాలా? ఈ చర్చ వెనక కథ

2024 జూన్ 11న విజయవాడ ఏ కన్వెన్షన్ సెంటర్‌లో కూటమి ఎమ్మెల్యేలు సమావేశమయ్యారు. చంద్రబాబు పేరును పవన్ కల్యాణ్ ప్రతిపాదించారు, పురందేశ్వరి బలపరిచారు, అందరూ సరేనన్నారు. ఎన్నిక అయిపోయింది. ఎవరికీ టెన్షన్ లేదు, ఓట్లు లెక్కపెట్టిన రోజే తెలిసిన పేరది. 1995 నుంచి రాష్ట్ర అసెంబ్లీలో టీడీపీ పక్షానికి నేత ఆయనే. తాడేపల్లి వైపు చూసినా అంతే, 2014 నుంచి వైసీపీ శాసనసభాపక్ష నేత జగనే.

సభలో పార్టీని నడిపే నాయకుడికి ఇన్నేళ్లే అని గడువు పెట్టాలా? మన దగ్గర ఈ ప్రశ్న వినగానే చాలామంది నవ్వేస్తారు. కానీ పాత సంగతులు తిరగేస్తే, కృష్ణకు అటూ ఇటూ ఉన్న జిల్లాల నాయకులే ఇందులో అడుగడుగునా కనిపిస్తారు.

మొదట ప్రకాశం పంతులు. 1946లో మద్రాసు కాంగ్రెస్ శాసనసభాపక్షం ఆయన్ను నేతగా ఎన్నుకుంది. గాంధీజీ, పార్టీ పెద్దలు రాజాజీ వైపు మొగ్గినా సభ్యులు వినలేదు. ఏడాది తిరక్కుండానే, 1947 మార్చిలో, అదే పక్షం ఆయన్ను దించి ఓమండూరు రామస్వామి రెడ్డియార్‌ను ఎక్కించింది. బ్యారేజీకి పేరిచ్చిన మనిషికి కుర్చీ మాత్రం ఎక్కడా నిలవలేదు. 1954లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఒక్క ఓటు తేడాతో అవిశ్వాసంలో ఓడారు. బాగుందో లేదో పక్కన పెడితే, అప్పట్లో ఎమ్మెల్యే ఓటుకు విలువ ఉండేది.

తర్వాత ఆ విలువ ఢిల్లీకి పోయింది. పరిశీలకులు వస్తారు, నేతను ఎంపిక చేసే అధికారం కాంగ్రెస్ అధిష్ఠానానికే ఇస్తూ ఏకవాక్య తీర్మానం చేయిస్తారు, ఢిల్లీ నుంచి పేరు వస్తుంది. నర్సరావుపేట కాసు బ్రహ్మానందరెడ్డి ఏడేళ్లకు పైగా ముఖ్యమంత్రిగా చేసి, 1971లో ఇందిర మాట మీద దిగిపోయారు. 1978 నుంచి 1983 దాకా ఐదేళ్లలో నలుగురు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. గుంటూరు జిల్లాకు చెందిన భవనం ఏడు నెలలు కూడా నిండకుండానే ఇంటిదారి పట్టారు. గడువు లేకపోతే నాయకులు పాతుకుపోతారనే వాదన ఇక్కడ తిరగబడుతుంది. ఏ గడువూ లేకుండానే కుర్చీలు ఏడాదికొకటి చొప్పున ఖాళీ అయ్యాయి.

ఆ కోపంలోంచే 1982 మార్చిలో తెలుగుదేశం పుట్టింది. రెండేళ్లకే, 1984 ఆగస్టులో, వేమూరు నుంచి గెలిచిన నాదెండ్ల భాస్కరరావు తనవైపే మెజారిటీ ఉందని గవర్నర్‌కు చెప్పి ముఖ్యమంత్రి అయ్యారు. నెలకే దిగిపోయారు. 1995 ఆగస్టులో చంద్రబాబు వర్గం తిరగబడ్డప్పుడు మాత్రం అలా జరగలేదు. ఎమ్మెల్యేలు హైదరాబాద్ వైస్రాయ్ హోటల్లో మకాం వేశారు, చైతన్య రథంపై వచ్చిన ఎన్టీఆర్ మీద చెప్పులు పడ్డాయి, అసెంబ్లీని రద్దు చేయమన్న ఆయన సిఫార్సు పారలేదు. నేతను దించడానికి మనకు తెలిసిన దారి ఇదొక్కటే: క్యాంపు. అలా నేతను దించిన పార్టీలో ఆ తర్వాత మూడు దశాబ్దాలు నేత మారకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ దారి తెలిసినవాళ్లు దాన్ని తెరిచి ఉంచరు కదా!

చట్టం కూడా అందుకు సాయపడింది. మొదట రాజ్యాంగంలో పార్టీల ఊసే లేదు. 164వ అధికరణ ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారని చెప్పి ఊరుకుంది. 1985లో 52వ సవరణతో పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) వచ్చాకే 'శాసనసభాపక్షం' అనే మాట అందులోకి వచ్చింది. విప్ ధిక్కరిస్తే, అంటే సభలో ఎలా ఓటేయాలో చెప్పే పార్టీ ఆదేశాన్ని దాటితే, సభ్యత్వం పోతుంది. మూడో వంతు చీలితే తప్పించుకునే వీలును 2003లో 91వ సవరణ తీసేసింది. 2023 మే నెలలో మహారాష్ట్ర శివసేన కేసులో సుప్రీంకోర్టు, సభలో నేతనూ, ఆ ఆదేశం జారీచేసే విప్‌నూ నియమించేది రాజకీయ పార్టీయే తప్ప శాసనసభాపక్షం కాదని తేల్చింది. అంటే గడువు రాసుకున్నా, దాన్ని అమలు చేయాల్సింది పార్టీ అధ్యక్షుడే. మన ప్రధాన పార్టీల్లో అధ్యక్షుడూ సభలో నేతా ఒక్కరే. నా లెక్కలో అసలు చిక్కు ఇదే. ఎన్నేళ్లన్నది తర్వాతి మాట, ముందు ఈ రెండు కుర్చీలూ విడిపోవాలి.

గడువులు అసలు లేవని కాదు. 2012 కోళికోడ్ మహాసభలో సీపీఎం కార్యదర్శులకు మూడు దఫాల పరిమితి పెట్టుకుంది. బీజేపీలో అధ్యక్షుడికి వరుసగా రెండు దఫాలే. అయితే ఇవన్నీ పార్టీ పదవులకు, సభలో నేతకు కాదు. జ్యోతిబసు 23 ఏళ్లు ముఖ్యమంత్రిగా ఉన్నారు. అమెరికాలో రిపబ్లికన్లు 1995లో స్పీకర్‌కు ఎనిమిదేళ్ల హద్దు పెట్టి, 2003లో చడీచప్పుడు లేకుండా తీసేశారు.

ఎన్నికల సంఘం జోక్యం కూడా పార్టీ పదవుల దగ్గరే ఆగింది. 2022 జులైలో విజయవాడ, గుంటూరు మధ్య నాగార్జున వర్సిటీ ఎదుట జరిగిన వైసీపీ ప్లీనరీలో జగన్‌ను శాశ్వత అధ్యక్షుడిగా ఎన్నుకున్నట్టు ప్రకటించారు. శాశ్వత పదవి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని సెప్టెంబరులో సంఘం అభ్యంతరం చెప్పింది. అదే మనిషి శాసనసభాపక్ష నేతగా ఎన్నాళ్లుండాలన్నది ఎవరూ అడగలేదు, అడిగే నిబంధన కూడా లేదు.

ఆ ఏడాది మే నెలలోనే కాంగ్రెస్ ఉదయ్‌పూర్‌లో కూర్చుని, ఒకరికి ఒకే పదవి, అదీ ఐదేళ్లే అని చెప్పుకుంది. అక్టోబరులో ఖర్గే అధ్యక్షుడయ్యారు. రాజ్యసభలో ప్రతిపక్ష నేత పదవి కూడా ఆయన దగ్గరే ఉండిపోయింది.